ఐదు నక్షత్రాలు చూసి కడుపు కోయించుకోకండి



మన గ్రూపులో నెలకు రెండు మూడుసార్లయినా వచ్చే మెసేజ్ ఒకటుంది. "అక్కా, అమ్మకు ఆపరేషన్ అంట. కడపలో గానీ తిరుపతిలో గానీ మంచి డాక్టర్ ఎవురన్నా ఉంటే చెప్పండి." పది నిమిషాల్లో పదిహేను జవాబులొస్తాయి. ఒకరు గూగుల్ లింకు పెడతారు, 4.9 అని. ఒకరు యూట్యూబ్ వీడియో పెడతారు. ఇంకొకరు ఇన్‌స్టా రీల్ పెట్టి, "ఈయన ఎంత బాగా చెప్తాడో చూడక్కా" అంటారు. అడిగినామె అందరికీ దండం బొమ్మలు పెట్టి, నక్షత్రాలు ఎక్కువున్న చోటికి అమ్మను పంపిస్తుంది. అక్కడితో ఆ మాట అయిపోతుంది. తర్వాత ఆ అమ్మకు ఏమైందో మనం అడగం, వాళ్లూ చెప్పరు.

ఈసారి అడిగాను కాబట్టే ఇది రాస్తున్నాను.

మన కడప జిల్లా పిల్లే. సల్వాలో ఒక ఇంట్లో పని. పేరు రాయను, ఆమె ఒప్పుకుంటేనే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నా. వాళ్లమ్మకు నలభై అయిదు, నలభై ఆరేళ్లు ఉంటాయి. నెలసరికి ఎక్కువ పోతోందని, తెల్లబట్ట అవుతోందని ఊళ్లో చూపిస్తే గర్భసంచి తీసేయాలన్నారు. గ్రూపులో అడిగింది. ఎవరో ఒక లింకు పెట్టారు. 4.8 నక్షత్రాలు, కింద వందల రివ్యూలు, పైన చక్కటి వీడియోలు. "నువ్వు నర్సువి కదక్కా, నువ్వు చెప్పు" అని నన్ను అడిగింది. డ్యూటీకి పరుగులో ఉన్నాను. లింకు తెరిచి చూసి, "4.8 ఉంది కదమ్మా, పర్వాలేదు, పో" అని రాసేశాను. అంతే. అర నిమిషం కూడా పట్టలేదు.

ఆ పిల్ల ఇంటి మామా దగ్గర రెండు నెలల జీతం ముందే అడిగి తీసుకుని పంపింది. ఆపరేషన్ అయింది. మూడో రోజు ఐమోలో అమ్మ నవ్వుతూ కనిపించింది, మేమంతా గులాబీలు పెట్టాం. నాలుగు నెలలకు అదే అమ్మ ఒళ్లంతా మంటలని, రాత్రుళ్లు చెమటలని, కీళ్లు పట్టేశాయని మంచం దిగడం లేదు. వేరే ఊళ్లో ఇంకో డాక్టరమ్మకు చూపిస్తే, గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారని తేలింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు. "ముందు మందులు వాడి చూశారా?" అని ఆమె అడిగితే చెప్పేవాళ్లు లేరు. తీసిన భాగాన్ని పరీక్షకు పంపిన కాగితం లేదు. చేతిలో ఉన్నదల్లా బిల్లు, ఒక పేజీ డిశ్చార్జి చీటీ.

ఆ ఆపరేషన్ అవసరం లేదని నేను తేల్చి చెప్పలేను. కాగితాలు లేకుండా ఏ డాక్టరూ చెప్పలేరు. అవసరమే అయ్యుండొచ్చు కూడా. కానీ ఆ తల్లికి గానీ, డబ్బు కట్టిన కూతురికి గానీ ఆ ప్రశ్న అడగాలని కూడా తెలీలేదు. తెలిసి ఉండాల్సిన నేను నక్షత్రాలు చూపించి పంపేశాను.

ఇంకో సంగతి విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డిశ్చార్జి రోజు కౌంటర్ దగ్గర, ఆ పిల్ల తమ్ముడి ఫోన్ తీసుకుని, "ఇక్కడ నొక్కు బాబూ" అని ఐదు నక్షత్రాలు నొక్కించారట. ఆ 4.8లో మా అందరినీ నమ్మించిన అంకె ఉంది చూశారూ, దాంట్లో ఇప్పుడు ఆ తల్లి కూడా ఒక ఐదు.

నక్షత్రాలు ఎక్కడ పుడతాయి?

నేను పనిచేసే చోటు పేరు చెప్పను, ఏ దేశంలో ఏ ప్రైవేటు క్లినిక్ చూసినా ఇదే కథ. కౌంటర్ మీద ఒక చిన్న అట్ట, దాని మీద స్కాన్ చేసే గళ్ల బొమ్మ. రోగి నవ్వుతూ బయటికొచ్చే సమయం చూసి ముందు పెడతాం. ముఖం మాడ్చుకుని వచ్చిన మనిషి ముందు పెట్టం. అది మోసం అని ఎవరూ అనుకోరు. కానీ ఆలోచించండి, నవ్వేవాళ్లనే అడిగితే వచ్చే మార్కులు ఎట్లా ఉంటాయి?

ఒకసారి మేనేజర్ స్టాఫ్ అందర్నీ పిలిచి, కొత్తగా వచ్చిన సర్జన్ గారికి తలా ఒక రివ్యూ పెట్టమన్నాడు. ఆయన నా ఒంటి మీద చెయ్యి వేసి ఎరగడు. నేనూ ఐదు నొక్కాను. "వెరీ కేరింగ్ డాక్టర్" అని రాశాను కూడా. తర్వాత తీసేశాను గానీ, అది ఉన్న ఏడాదిలో ఎందరు చదివి ఉంటారో నాకు తెలీదు. ఈ తప్పు చెప్పుకోకుండా మీకు నీతులు చెప్పడం నాకు బాగుండదు.

ఇది మన ఒక్కచోట జరిగేది కాదు. గూగుల్ సంస్థే 2023 ఒక్క సంవత్సరంలో మ్యాప్స్‌లో నిబంధనలకు విరుద్ధమైన రివ్యూలు 17 కోట్లకు పైగా అడ్డుకున్నామనో తీసేశామనో చెప్పింది. హోటళ్లు, షాపులు, ఆసుపత్రులు అన్నీ కలిపి. అమెరికాలో దొంగ రివ్యూలు కొనడం, అమ్మడం నిషేధిస్తూ 2024 అక్టోబర్ నుంచి కేంద్ర నిబంధనే అమల్లోకి వచ్చింది. మన దేశంలో 2022 నవంబర్‌లో బీఐఎస్ ఆన్‌లైన్ రివ్యూల కోసం ఐఎస్ 19000 అని ఒక ప్రమాణం తెచ్చింది. పాటించేవాళ్లు పాటించవచ్చు, లేదంటే లేదు అన్నట్టుగానే తెచ్చింది.

డాక్టర్ల సంగతి వేరే. 2002 నాటి వైద్య వృత్తి నిబంధనల ప్రకారమే మన దేశంలో డాక్టరు తన గురించి ప్రకటనలు చేసుకుని రోగుల్ని రప్పించుకోకూడదు. 2023 ఆగస్టు 2న జాతీయ వైద్య కమిషన్ ఇంకా గట్టి నిబంధనలు తెచ్చింది. లైకులు, ఫాలోయర్లు కొనకూడదు. వెతికితే ముందు తమ పేరే రావాలని డబ్బు కట్టకూడదు. ఆపరేషన్ వీడియోలు, నయమైన రోగుల బొమ్మలు, రోగులు మెచ్చుకున్న మాటలు సోషల్ మీడియాలో పెట్టకూడదు. చదివి సంతోషపడ్డాం. సరిగ్గా మూడు వారాలకే, ఆగస్టు 23న, ఆ మొత్తం నిబంధనల్ని పక్కన పెట్టారు. మళ్లీ 2002 పుస్తకమే. అది రాసిన రోజు రీల్స్ అనే మాటే పుట్టలేదు.

తెరమీద బాగుంటే కత్తి బాగున్నట్టా?

ఇక్కడ నేను ఒక మాట ఒప్పుకోవాలి. వీడియోలు చేసే డాక్టర్లంతా చెడ్డవాళ్లు కాదు. పిత్తాశయంలో రాళ్లుంటే ఎప్పుడు ఆపరేషన్ కావాలో, ఎప్పుడు అక్కర్లేదో మన తెలుగులో ఓపిగ్గా చెప్పే సర్జన్లు ఉన్నారు. ఊళ్లో మన అమ్మలకు ఎవరూ చెప్పని సంగతులు వాళ్లు చెప్తున్నారు. అది మేలే. నేనూ చూస్తాను.

కానీ తెరమీద కనపడటానికీ, రేటింగుకూ, చేతి పనికీ ఉన్న సంబంధం ఏంటో విడదీసి చూడాలి. అమెరికాలో ఎముకల సర్జన్లు, వెన్నెముక సర్జన్ల మీద ఈ పరిశీలనలు జరిగాయి. సోషల్ మీడియాలో ఉన్నవాళ్లకు రివ్యూల సంఖ్య ఎక్కువ అని, కొన్నింట్లో రేటింగు కూడా కాస్త ఎక్కువే అని తేలింది. వింతేం లేదు. పదిమందికి తెలిసిన అంగట్లోనే గిరాకీ ఎక్కువ. ముందే వీడియోలు చూసి ఇష్టపడి వెళ్లిన రోగి సగం ఐదు నక్షత్రాలు మనసులో పెట్టుకునే వెళ్తుంది.

మరి ఆ రేటింగుకీ పనితనానికీ పొంతన ఉందా? లాస్ ఏంజెలెస్‌లో సెడార్స్-సైనాయ్ ఆసుపత్రి వాళ్లు 78 మంది డాక్టర్లను తీసుకుని, ఆన్‌లైన్ నక్షత్రాలు ఒక పక్క, ఆసుపత్రి లోపల వాళ్ల వైద్యం నాణ్యత లెక్కలూ తోటి డాక్టర్లు ఇచ్చిన మార్కులూ ఇంకో పక్క పెట్టి పోల్చారు. 2018లో వచ్చిన ఆ పరిశీలన తేల్చింది ఒకే మాట. నక్షత్రాలు చూసి పనితనం చెప్పలేం.

ఇంకొకటి చెప్తాను, ఇది నాకు చాలా నచ్చింది. అమెరికాలోనే మిషిగన్ రాష్ట్రంలో లావు తగ్గే ఆపరేషన్లు చేసే 20 మంది సర్జన్లను, మీరు చేసిన ఆపరేషన్ వీడియో ఒకటి ఇవ్వండి అని అడిగారు. మీకు నచ్చిందే ఇవ్వమన్నారు. పేర్లు తీసేసి, ఆ వీడియోలను తోటి సర్జన్లకు చూపించి చేతి నేర్పుకు మార్కులు వేయించారు. తర్వాత వాళ్ల రోగుల లెక్కలు తీశారు. తక్కువ మార్కులు వచ్చిన వర్గంలో నూటికి 14.5 మందికి ఆపరేషన్ తర్వాత ఇబ్బందులు వచ్చాయి. ఎక్కువ మార్కులు వచ్చిన వర్గంలో 5.2 మందికి. అంటే దాదాపు మూడింతల తేడా. చావుల్లోనూ తేడా ఉంది. ఇది 2013లో అచ్చయింది.

చూశారా, పనితనం అనేది ఉంది. మనుషుల మధ్య తేడా చాలా ఉంది. దాన్ని కనిపెట్టొచ్చు కూడా. కానీ కనిపెట్టింది లోపల చేతుల కదలిక చూసిన తోటి సర్జన్లు. బయట కుర్చీలో కూర్చున్న మనం కాదు. మత్తులో పడుకున్న రోగి అసలే కాదు. మనకు తెలిసేది డాక్టర్ ఎంతసేపు మాట్లాడాడు, నర్సు కసిరిందా లేదా, ఎంతసేపు కూర్చోబెట్టారు, బిల్లు ఎంతయింది, బాత్రూమ్ కడిగారా లేదా. మనం నొక్కే నక్షత్రం వీటికే. ఇవి ముఖ్యం కాదని అనను. నా తోటి రోగిని కసిరే నర్సును నేనే సహించను. కానీ ఇవి వేరు, కత్తి వేరు.

ఇంకో చిక్కు కూడా ఉంది. నక్షత్రం మూడో రోజు నొక్కుతాం. కుట్లు చీము పట్టేది పదో రోజు. హెర్నియా మళ్లీ వచ్చేది ఏడాదికో రెండేళ్లకో. అండాశయాలు పోయిన బాధ ఇంటికెళ్లాక రోజుల్లో, వారాల్లో ముదురుతుంది. అప్పుడు ఎవరు వెనక్కి వెళ్లి రివ్యూ మారుస్తారు? చనిపోయినామె ఎట్లాగూ రాయదు. ఆమె కొడుకు ఏడ్చి ఒక్క నక్షత్రం పెట్టాడే అనుకోండి. పది ఐదులు, ఒక ఒకటి కలిపితే 4.6 వస్తుంది. "4.6 అంటే బాగున్నట్టే కదా" అంటాం మనం.

బయట కొన్ని చోట్ల వేరే దారి పట్టారు. న్యూయార్క్ రాష్ట్రంలో 1990ల మొదటి నుంచే గుండె బైపాస్ ఆపరేషన్లలో ఏ ఆసుపత్రిలో, ఏ సర్జన్ చేతిలో ఎంతమంది చనిపోయారో ప్రభుత్వమే అచ్చువేసి ఇస్తోంది. దాంట్లోనూ గొడవలు ఉన్నాయి. కష్టమైన కేసు తీసుకునే మంచి సర్జన్‌కు అంకెలు చెడ్డగా కనపడతాయి. అందుకని రోగి పరిస్థితిని బట్టి సవరించి లెక్క కడతారు. అయినా లెక్క పెడుతున్నది కుర్చీల మెత్తదనాన్ని కాదు, ప్రాణాన్ని. మన కడపలో, తిరుపతిలో, హైదరాబాద్‌లో అట్లా డాక్టర్ పేరు పెట్టి ఫలితం చూపే పట్టిక లేదు. లేదు కాబట్టే ఆ ఖాళీలో రీల్స్ కూర్చున్నాయి.

ఐదు నక్షత్రాలు చెప్పని పెద్ద ప్రశ్న

సర్జన్ బాగా చేస్తాడా అన్నది రెండో ప్రశ్న. మొదటిది, అసలు ఈ ఆపరేషన్ కావాలా?

ఈ మాట మన ఆడవాళ్లం గుండె మీద చెయ్యి వేసుకుని వినాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు నూటికి మూడుకు కాస్త పైన. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఎనిమిదికి పైన. దేశంలో మనమే ముందున్నాం. మన ఒళ్లు ఏమైనా వేరే మట్టితో చేశారా? మీ ఊళ్లో, మీ వీధిలో ముప్పై అయిదేళ్లకే గర్భసంచి తీయించుకున్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టండి. నాకైతే రెండు చేతుల వేళ్లు చాలలేదు.

"పిల్లలు పుట్టేశారు కదా, ఇంక అది ఎందుకు", "ఉంచుకుంటే కేన్సర్ అవుతుంది", ఈ రెండు మాటలతో ఎంతమంది కడుపులు కోశారో! తెల్లబట్ట ఒక్కటే గర్భసంచి తీసేయడానికి కారణం కాదు. ఎక్కువ రక్తస్రావానికి చాలాసార్లు ముందు మాత్రలు, లోపల పెట్టే మందు లూప్ లాంటివి వాడి చూడొచ్చు. గడ్డలన్నీ కేన్సర్ గడ్డలు కావు. అండాశయాలు కూడా తీసేస్తే ముట్లు ఆగిపోయే వయసు ఒక్క రోజులో వచ్చి పడుతుంది, ఎముకలు బలహీనపడతాయి. నిజంగా తీయాల్సిన కేసులు ఉన్నాయి, వాటిని వాయిదా వేస్తే ప్రాణానికే ముప్పు. అందుకే ఇది ఒకే డాక్టర్ మాట మీద, ఒకే రోజులో తేల్చుకునే విషయం కాదు.

అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లు ఆపడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని రాష్ట్రాలన్నీ అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టు దాకా వెళ్లిందంటే ఇది ఏదో ఒక అమ్మ కథ కాదని అర్థం.

ఇప్పుడు ఆలోచించండి. అవసరం లేని ఆపరేషన్ చక్కగా చేసి, నవ్వుతూ పలకరించి, మూడో రోజు ఇంటికి పంపిస్తే ఎన్ని నక్షత్రాలు వస్తాయి? ఐదు. "ఇప్పుడే ఆపరేషన్ వద్దమ్మా, మూడు నెలలు ఈ మందు వాడి రా" అని పంపేసిన డాక్టర్‌కు ఎన్ని? "సరిగ్గా చూడలేదు, ఊరికే తిప్పుకుంటున్నాడు" అని రెండు.

దూరంలో ఉన్నవాళ్లం, మేం ఏం చేయగలం అంటారా?

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. నేనూ అదే అనేదాన్ని. సల్వాలో కూర్చుని, వారానికి ఒక శుక్రవారం సెలవు దొరికితే దొరికినట్టు, పని అయ్యాక ఫోన్ పట్టుకునేసరికి ఊళ్లో అర్ధరాత్రి. మనకు కనపడేది ఫోన్ ఒక్కటే. ఫోన్‌లో కనపడేవి నక్షత్రాలే. నిజమే. కానీ డబ్బు మనది. డబ్బు పంపేవాళ్ల మాటకు ఇంట్లో విలువ ఉంటుంది. చీరకు, పెళ్లికి, ఇంటి స్లాబుకు ఎంత ఆరా తీస్తామో మనకు తెలుసు. అమ్మ కడుపుకు కూడా అంత ఆరా తీద్దాం.

డబ్బు పంపే ముందు ఈ సంగతులు అడగండి. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఒకటి. డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్. 2002 నిబంధనల ప్రకారమే డాక్టర్ తన నంబర్‌ను క్లినిక్‌లో పెట్టాలి, చీటీ మీద, రసీదు మీద రాయాలి. మందుల చీటీ ఫోటో పంపమనండి. ఆ నంబర్‌తో రాష్ట్ర వైద్య మండలి వెబ్‌సైట్‌లో గానీ, జాతీయ వైద్య కమిషన్ రిజిస్టర్‌లో గానీ పేరు, చదువు చూడొచ్చు. రీల్‌లో రాసుకున్న డిగ్రీ, అక్కడున్న డిగ్రీ ఒకటేనా అని చూడండి. ఆన్‌లైన్ మనకు నిజంగా పనికొచ్చే చోటు ఇది.

రెండు. "ఆపరేషన్ చేయకపోతే ఏమవుతుంది? మూడు నెలలు ఆగితే ఏమవుతుంది? వేరే వైద్యం ఏముంది?" ఈ మూడు ప్రశ్నలకు జవాబు. డాక్టర్ దగ్గర కూర్చున్నప్పుడు, ఆయన ఒప్పుకుంటే, మీరు ఫోన్‌లో ఉండండి. కువైట్ టైముకు మన ఊరు రెండున్నర గంటలు ముందు. ఊళ్లో పొద్దున పదకొండున్నర అంటే ఇక్కడ తొమ్మిది. ఇంటి మామాతో ముందు రోజే మాట్లాడి పెట్టుకుంటే ఒక పావుగంట దొరకదా?

మూడు. "ఈ ఆపరేషన్ మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు? చేసేది మీరేనా, వేరేవాళ్లా?" అడగడానికి సిగ్గుపడకండి. మంచి సర్జన్‌కు ఈ ప్రశ్నకు కోపం రాదు. వస్తే ఆ కోపమే మీకు జవాబు.

నాలుగు. ఏమేం తీస్తారు, ఏది ఉంచుతారు. సంతకం పెట్టే కాగితంలో అది తెలుగులో రాసి ఉందా? లేకపోతే చదివి చెప్పమనండి. తీసిన భాగాన్ని పరీక్షకు పంపుతారా, ఆ రిపోర్టు మన చేతికిస్తారా?

ఐదు. సంబంధం లేని ఇంకో డాక్టర్ మాట. అదే వీధిలో, అదే డాక్టర్ చెప్పిన స్నేహితుడు కాదు. వేరే ఊరైతే మంచిది, వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న సర్కారు ఆసుపత్రి అయితే ఇంకా మంచిది. అక్కడ వరుస పెద్దది, కసుర్లు ఉంటాయి, నక్షత్రాలు తక్కువ. ఆ తిట్లు తెరిచి చదవండి, ఎక్కువగా వరుస గురించీ, మాటతీరు గురించీ ఉంటాయి. కానీ అక్కడ మన అమ్మకు ఆపరేషన్ చేస్తే డాక్టర్ జీతం పెరగదు. అది గుర్తుపెట్టుకోండి.

ఆరు. కాగితాలు. అడిగిన 72 గంటల్లో రోగికి రికార్డులు ఇవ్వాలని అదే 2002 నిబంధనల్లో ఉంది. స్కాన్, రక్త పరీక్షలు, ఆపరేషన్ నోటు, పరీక్ష రిపోర్టు, డిశ్చార్జి చీటీ. అన్నీ ఫోటో తీసి మీ వాట్సాప్‌కు పంపించమనండి. ఆ పిల్ల అమ్మ దగ్గర ఈ కాగితాలు ఉండి ఉంటే, రెండో డాక్టరమ్మ ఏదో ఒకటి తేల్చి చెప్పగలిగేది.

మిగతా ఆపరేషన్లకూ ఈ ఆరు పనికొస్తాయి. రోడ్డు ప్రమాదమో, పేగు పగలడమో అయితే మాత్రం ఇవేవీ చూస్తూ కూర్చోకండి. దగ్గరున్న ఆసుపత్రికి పరిగెత్తాలి.

ఇక్కడ కువైట్‌లోనూ ఇంతే

ఇక్కడా మనకు ఫోన్ తెరిస్తే పొట్ట తగ్గించే ఆపరేషన్లు, ముక్కు సరిచేసే ఆపరేషన్లు, "ఈ నెల ఆఫర్" అని వస్తూనే ఉంటాయి. మన పిల్లలు కొందరు నెలనెలా కట్టేట్టు మాట్లాడుకుని కూడా వెళ్తున్నారని విన్నాను. ఆఫర్ పెట్టి అమ్మేది కూరగాయలైతే సరే. కడుపు కోసే పనికి ఆఫర్ ఏంటి?

మన సల్వా ఉన్న హవల్లీ గవర్నరేట్‌లో పెద్ద సర్కారు ఆసుపత్రి అంటే జాబ్రియాలోని ముబారక్ అల్ కబీర్. అట్లాంటి చోట మనం సర్జన్‌ను నక్షత్రాలు చూసి ఎంచుకోం. ప్రైవేటుకు వెళ్తేనే ఎంచుకునే పని. అప్పుడు పైన రాసిన ప్రశ్నలే అడగండి. అరబిక్ రాకపోతే మన భాషో, హిందీయో, ఇంగ్లీషో తెలిసిన మనిషిని వెంట తీసుకెళ్లండి. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టకండి. వైద్యంలో తప్పు జరిగిందని అనిపిస్తే, ఇక్కడ 2020 నాటి 70వ నంబర్ చట్టం ఉంది. రోగి హక్కులు దాంట్లో రాశారు, వైద్యుల బాధ్యత తేల్చడానికి ఒక ప్రత్యేక సంస్థను కూడా ఆ చట్టమే పెట్టింది. ఇంటి పని వీసా మీద ఉన్నాం, మనకేం హక్కులు అని అనుకోకండి. కాగితాలు దాచుకోండి, గ్రూపులో అడగండి, తోడు వచ్చేవాళ్లు ఉన్నారు.

మన గ్రూపుకు ఒక మాట

ఇంత రాసి చివరికి "జాగ్రత్తగా ఉండండి" అని ముగిస్తే లాభం లేదు. మన చేతిలో ఉన్నది ఒకటి చేద్దాం.

ఇకనుంచి ఎవరైనా డాక్టర్ కావాలని అడిగితే లింకు పెట్టొద్దు. మీకు గానీ మీ సొంతవాళ్లకు గానీ అక్కడ ఆపరేషన్ అయి ఉంటేనే చెప్పండి. ఏ ఆపరేషన్, ఏ నెలలో అయింది, ముందు వేరే వైద్యం ఇచ్చి చూశారా, కాగితాలు ఇచ్చారా, ఆరు నెలలకు మనిషి ఎట్లా ఉంది. ఈ ఐదు ముక్కలు రాస్తే చాలు. నక్షత్రాలు వద్దు. చెడు జరిగితే డాక్టర్‌ను గ్రూపులో తిట్టొద్దు, జరిగింది జరిగినట్టు అడిగినామెకు విడిగా చెప్పండి. రాసేటప్పుడు మీ అమ్మ పేరు, రోగం వివరాలు అందరికీ తెలిసేట్టు పెట్టొద్దు.

ఇంకొకటి. ఆపరేషన్‌కు పంపిన ప్రతి అమ్మ గురించి, ప్రతి అక్క గురించి ఆరు నెలలకు ఒకసారి మనమే అడుగుదాం. గులాబీలు పెట్టిన వాళ్లమే అడగాలి. ఆ రోజు ఆ పిల్లను నేను ఆరు నెలలకు కాదు, ఆరు వారాలకు అడిగి ఉన్నా, వాళ్లమ్మకు ఒంట్లో మంటలు ఎందుకొస్తున్నాయో, ఏం చేయాలో ముందే చెప్పి ఉండేదాన్ని.

ఆ అమ్మ ఇప్పుడు మందులు వాడుతోంది. కాస్త తేరుకుంది. కూతురు అప్పు ఇంకా తీరలేదు. మొన్న శుక్రవారం సముద్రం వైపు నడుస్తూ, "ఆ ఐదు నక్షత్రాలు తీసేయొచ్చా అక్కా?" అని అడిగింది. తమ్ముడి ఫోన్ నుంచి తీసేయొచ్చు అని చెప్పాను. ఆ సాయంత్రమే తీసేయించింది. కోపంతో ఒక నక్షత్రం పెట్టలేదు. జరిగింది నాలుగు వాక్యాల్లో రాసింది: ఏం తీశారో మాకు చెప్పలేదు, కాగితాలు ఇవ్వలేదు, వెళ్లేవాళ్లు అడిగి తెలుసుకోండి అని.

రేటింగు 4.8 దగ్గరే ఉంది, కదల్లేదు. కానీ ఆ నాలుగు వాక్యాలు చదివి ఒక్క తల్లయినా సంతకం పెట్టే ముందు ఒక ప్రశ్న అడిగితే నాకు చాలు.

మీ దగ్గర ఇట్లాంటి అనుభవం, మంచిదైనా చెడ్డదైనా ఉంటే నాకు వాయిస్ మెసేజ్ పెట్టండి. రాయడం రాకపోతే నేను రాసిపెడతాను. పేర్లు లేకుండా వచ్చే సంచికలో వేద్దాం.

మీ అక్క, సల్వా నుంచి.